కుర్చీ డ్యూటీ

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నేను చేసిన మొదటి ఉద్యోగం, రోజూ పొద్దున ఒక బోర్డు మీద అంకె మార్చడం. వెటకారానికి అంటున్న మాట కాదు, నా పనుల జాబితాలో అదే మొదట ఉండేది. హైటెక్ సిటీలో ఒక పెద్ద గాజు భవనాన్ని శుభ్రంగా ఉంచే కాంట్రాక్టు మా కంపెనీది. అందులో నేను సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌ని. బేస్‌మెంట్‌లోకి దిగే దారిలో, సెక్యూరిటీ గది పక్కన, ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉండేది. పైన 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని అక్షరాలు, కింద మార్చుకునే ప్లాస్టిక్ అంకెలు. నిజాంపేట హాస్టల్లో గట్టిపడిన ఉప్మా తిని, రెండు ఆటోలు మారి, తొమ్మిదింటికి ముందే చేరుకుని, నిన్నటి అంకె తీసి ఇవాళ్టిది పెట్టేదాన్ని. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి ల్యాబ్ ఉద్యోగమేనా అని అడిగితే దాదాపు ల్యాబే అని చెప్పాను. కెమికల్స్ గది తాళం నా దగ్గరే ఉండేది కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆ భవనంలో వాష్‌రూములు కడిగే ఆడవాళ్ళు ఇరవై మందికి పైనే. మొదట్లో ప్రతి వాష్‌రూము తలుపు వెనకా ఒక కాగితం వేలాడేది. గంటకోసారి శుభ్రం చేసి అందులో సంతకం పెట్టాలి. అందరూ సాయంత్రం దాకా సరిపడా సంతకాలు పొద్దున్నే పెట్టేసుకుంటున్నారని క్లయింటు వాళ్ళు కనిపెట్టారు. కాగితం తీసేసి గోడకు ట్యాబ్‌లు బిగించారు. అద్దం, సబ్బు, టిష్యూ, నేల, ఇలా ఎనిమిది గళ్ళు. ప్రతి గంటా ఎనిమిదింటినీ వేలితో నొక్కాలి. పది నిమిషాలు ఆలస్యమైతే తెర ఎర్రబడి మా మేనేజరు ఫోనుకు మెసేజ్ వెళ్ళేది. చిక్కేమిటంటే, రబ్బరు గ్లౌజు వేసుకున్న వేలిని ఆ తెర గుర్తించదు. తడి గ్లౌజును గంటకోసారి పీకి మళ్ళీ తొడుక్కోవడం ఎంత విసుగో చేసిన వాళ్ళకే తెలుస్తుంది. వారం తిరక్కుండానే అందరి కుడిచేతి గ్లౌజుకూ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాయమయ్యాయి. కత్తెరతో శుభ్రంగా కత్తిరించేసి ఉన్నాయి.

నేను చూశాను. చూడలేదని ఇప్పుడు బుకాయించను. ఆడిట్ ఉన్న రోజు అందరికీ కొత్త గ్లౌజులు ఇచ్చి ఫొటోలు తీసేదాన్ని. మర్నాటికి అవీ కొసలు లేకుండా తయారయ్యేవి. ఒకసారి మేనేజరుతో అన్నాను. ఆయన కర్నూలు వైపు మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ట్యాబ్ ఎర్రబడితే క్లయింటు తనను అడుగుతాడని, గ్లౌజు తెగితే ఎవరూ అడగరని, రెండింట్లో ఏది పెద్ద తలనొప్పో నన్నే చెప్పమన్నాడు. ఆ నెల నివేదికలో గ్లౌజులు అందరూ వాడుతున్నారని రాశాను.

ఆ గ్లౌజులన్నీ కత్తిరించిపెట్టింది ఒకే మనిషి. మూడో అంతస్తు ఆమెది. పాలమూరు వైపు నుంచి వచ్చి, కొండాపూర్‌లో అపార్టుమెంట్ల వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని, కూతుర్ని ఇంటర్ చదివిస్తోంది. భర్త సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అందరం ఆమెను అక్క అనేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను. డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళి చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆమె చేత్తో కుట్టిన ఫాల్ చీరకు అతుక్కుపోయేది, కుట్టు ఎక్కడుందో వెతికినా కనిపించేది కాదు. మిషన్ కుట్టు వద్దని ఆమె కోసం వారాల తరబడి ఆగే ఆడవాళ్ళు ఆ అపార్టుమెంట్లలో ఉండేవారట. ఆ నేర్పు చూసే తోటి వాళ్ళు గ్లౌజులు తెచ్చి ఆమె ముందు పడేసేవాళ్ళు.

నన్ను చూస్తే అక్కకు నవ్వులాట. బోర్డు మీద అంకె పెరుగుతోంది గానీ మేడం మాత్రం పెరగడం లేదని, హాస్టలు తిండి మానేసి తను చేసే జొన్నరొట్టె తింటే నాలుగు రోజుల్లో మనిషినవుతానని అనేది. ఓసారి తెచ్చిపెట్టింది కూడా. నాకు సహించలేదు. చాలా బాగుందని చెప్పి ఇంకోటి అడిగి తిన్నాను.

అది ఎండాకాలం. నీళ్ళ ట్యాంకర్లు వరసగా వచ్చే రోజులు. లాన్‌కు బోరు నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు కింది అంతస్తు గాజు మీద కూడా చిమ్మి, తెల్లటి ఉప్పు మరకలు కట్టేవి. సబ్బు నీళ్ళకు అవి లొంగేవి కావు. క్లయింటు పెద్దలు వస్తున్నారని తెలిసి మేనేజరు ఎవరో సప్లయరు చేత తెల్లటి ప్లాస్టిక్ క్యాన్ ఒకటి తెప్పించాడు. ఒక్క తుడుపుకే మరక పోతుందన్నారు. కొత్త కెమికల్ ఏదొచ్చినా దాని వివరాల కాగితం ముందు నేను చదవాలి, సంతకం పెట్టాలి, ఆ తర్వాతే మూత తియ్యాలి. రూలు అది. ఆ కాగితం నా ఫోనుకు వచ్చింది, పదహారు పేజీలు. తర్వాత చదువుదామనుకున్నాను. అప్పటికే మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. చదివినట్టు సంతకం పెట్టి, తాళం తీసి క్యాన్ ఇచ్చాను.

గాజు మీద గీత పడకూడదు కనుక అక్కను పిలిచారు. ఆమె స్పాంజితో ఆ ద్రవం అద్ది, రుద్ది, నీళ్ళతో కడుగుతూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేసింది. మధ్యలో గంట గంటకూ మూడో అంతస్తుకు పరిగెత్తి ట్యాబ్ నొక్కి వచ్చింది. చేతికి ఉన్నది ఆ కొసలు లేని గ్లౌజే. మరకలు నిజంగానే పోయాయి. గాజు ఉందో లేదో తెలియనంత తేటగా అయింది. మేనేజరు వచ్చి చూసి అక్కను మెచ్చుకున్నాడు.

భోజనాల వేళకు ఆమె నా గదికి వచ్చి కుడిచెయ్యి చాపింది. మూడు వేళ్ళ కొసలూ నీళ్ళలో చాలాసేపు నానినట్టు తెల్లగా ఉన్నాయి. మంటగా ఉందా అని అడిగాను.

"మంట లేదు మేడం. జర మొద్దువారినట్టుంది, గంతే."

మాకు తెలిసిన యాసిడ్ వేరు. వాష్‌రూముల్లో వాడేది మూత తీస్తేనే పొగలొచ్చి దగ్గు తెప్పిస్తుంది. చుక్క పడితే చురుక్కుమంటుంది. మంట లేదు కాబట్టి యాసిడ్ కాదని ఆమె అనుకుంది. కెమిస్ట్రీ చదివిన నేనూ అలాగే అనుకున్నాను. కుళాయి కింద ఐదు నిమిషాలు చెయ్యి పెట్టించి, తుడిచి, ప్రథమ చికిత్స రిజిస్టరు తీశాను. 'వేళ్ళు నీటితో కడిగించడమైనది. గాయం లేదు. విధుల్లో కొనసాగారు.' నా దస్తూరి బాగుంటుందని చిన్నప్పటి నుంచి అందరూ అనేవారు. ఆ మూడు వాక్యాలు కూడా అందంగానే వచ్చాయి. కింద అక్క సంతకం పెట్టింది, అదే చేత్తో. పెన్ను ఒకసారి జారితే ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు నేను బోర్డు మీద అంకె మార్చి వెనక్కి తిరిగేసరికి అక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని వాచిపోయింది. రాత్రంతా బకెట్ నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుందట. ఎముక లోపల ఎవరో దబ్బనంతో తోడుతున్నట్టుందని చెప్పింది. వేళ్ళు చూశాను. కొసలు బూడిద రంగుకు తిరిగాయి, గోళ్ళ కింద నల్లగా కమ్మింది. అప్పుడు ఫోను తీసి ఆ పదహారు పేజీలు తెరిచాను. రెండో పేజీలోనే ఉంది ఆ యాసిడ్ పేరు. గాజును కరిగించే యాసిడ్ అది. దాన్ని గాజు సీసాలో ఎందుకు నిల్వ చేయరన్నది ఎమ్మెస్సీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేను జవాబు రాశాను, రెండు మార్కులూ వచ్చాయి. నీళ్ళు కలిపి పలచన చేసినది చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చని, గంటల తర్వాత లోపలి నుంచి మొదలవుతుందని నాలుగో పేజీలో రాసి ఉంది. వెంటనే రాయాల్సిన జెల్ పేరు కూడా అక్కడే ఉంది. అలాంటి జెల్ మా గదిలో లేదు, ఎప్పుడూ ఉండలేదు.

మాతో ఒప్పందం ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టరు వేళ్ళలోకి కాల్షియం ఇంజెక్షన్లు చేశాడు. రెండు వేళ్ళకు గోళ్ళు తీసేశాడు. అక్క నా భుజం పట్టుకుని ఉంది, అరవలేదు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆ క్యాలెండరు మీద ఏ బొమ్మ ఉందో, ఏ తేదీ చుట్టూ గీత గీసి ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఆ గంటలో నాకేం అనిపించిందో మాత్రం చెప్పలేను. ఏమీ అనిపించలేదనే అనుకుంటున్నాను.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. బోర్డు మీద వెయ్యికి ఇంకా ముప్ఫై మూడు రోజులుంది. వెయ్యి దాటితే క్లయింటు వాళ్ళు షీల్డు ఇస్తారు, కాంట్రాక్టు మళ్ళీ రాసేటప్పుడు దాన్నే చూస్తారు. ఆయన నాకు టీ తెప్పించి, చిన్నపిల్లకు లెక్క నేర్పినంత ఓపిగ్గా చెప్పాడు. మా లైన్లో ఒక రూలుంది. దెబ్బ తగిలిన మనిషి మర్నాడు డ్యూటీకి రాకపోతే అది ప్రమాదం కింద రాయాలి, బోర్డు సున్నా చెయ్యాలి. వస్తే అది చిన్న గాయం, ప్రథమ చికిత్సతో సరి.

"ఇంట్లో ఉంటే అది ప్రమాదమమ్మా. ఈడొచ్చి కూచుంటే కాదు. పనేం చెయ్యొద్దు, ఊరికే కూచోమను."

ఇది ఆయన కనిపెట్టింది కాదు. ఈ లైన్లో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఎక్కడో ఒకచోట ఎవరినో ఒకరిని ఇలా కూర్చోబెట్టిన కథ చెబుతారు. కాలు విరిగిన మనిషిని కారులో తెచ్చి గేటు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టారని నా సీనియర్ ఒకాయన నవ్వుతూ చెప్పాడు. మా సెక్యూరిటీ వాళ్ళు దానికి కుర్చీ డ్యూటీ అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కను రోజూ తీసుకొచ్చే బాధ్యత నాకు అప్పగించారు, బండి కూడా ఇచ్చారు.

మర్నాడు కొండాపూర్ గల్లీలో ఆమె గది ముందు దిగి విషయం చెప్పాను. పని ఉండదు, ఏసీలో కూర్చోవచ్చు, జీతం ఆగదు అన్నాను.

"ఇంట్ల ఉంటే ఏమైతది మేడం?"

ఇంట్లో ఉంటే కష్టం అక్కా, జీతం పోతుంది, ఉద్యోగం కూడా చెప్పలేం అన్నాను. పనిలో దెబ్బ తగిలిన వాళ్ళకు కార్మికుల బీమా ఉందని, ఇంట్లో ఉన్న రోజులకు అది ఎంతో కొంత ఇస్తుందని, పెద్ద దవాఖానలో వైద్యం ఉచితమని నాకు తెలుసు. కొత్తగా చేరిన వాళ్ళకు ఆ సంగతి వివరించే క్లాసు చెప్పేది నేనే. చెప్పేటప్పుడు నా గొంతులో ఏ తేడా లేదు. ఆమె సరే అని చెప్పులేసుకుంది.

అలా మొదలైంది. తొమ్మిదికి ముందు ఆమెను గేటు దగ్గర మెషీను ముందు నిలబెట్టేదాన్ని. మా హాజరుకు ముఖం చూపిస్తే చాలు, చేతులతో పని లేదు. తర్వాత నా గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. చెయ్యి ఎత్తులో ఉంచాలని క్లినిక్‌లో చెప్పారు కనుక టిష్యూ రోళ్ళ అట్టపెట్టెలు రెండు పేర్చి, పైన తువ్వాలు పరిచి, కట్టు కట్టిన చెయ్యి దాని మీద పెట్టించేదాన్ని. ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాక ఆమె జుట్టు ముడి జారిపోతుంటే నేనే దువ్వి అల్లేదాన్ని. మధ్యాహ్నం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేది. నొప్పి బిళ్ళల టైము నేను చూసేదాన్ని. ఆమె పోర్షను ట్యాబ్ ఇంకొకామె నొక్కేది. ఆమె గ్లౌజుకూ కొసలు లేవు. చూసి ఊరుకున్నాను.

కుర్చీలో కూర్చున్న మనిషికి తోచదు గదా. అక్క నన్ను కనిపెట్టుకుని ఉండేది. ఎవరితో ఫోన్ మాట్లాడుతున్నానో, ఏం తిన్నానో, పెళ్ళి సంబంధాలు ఎక్కడిదాకా వచ్చాయో అన్నీ అడిగేది. పొద్దున్నే నేను బోర్డు దగ్గర్నుంచి రాగానే ఇవాళ ఎంతయింది మేడం అనేది. తను రాకపోతే సున్నా అవుతుందన్న సంగతి సెక్యూరిటీ వాళ్ళు ఆమెకు చెప్పేశారు. ఇన్నేళ్ళు నేల తుడిచినా ఎవరూ పట్టించుకోలేదని, ఊరికే కూర్చుంటే కంపెనీ అంతా తన మీదే నిలబడిందని ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. ఆ గదిలో మేమిద్దరం చాలాసార్లు నవ్వుకున్నామని ఒప్పుకోవాలి. ఎవరైనా తలుపు సందులోంచి చూసుంటే స్నేహితులమనుకునే వాళ్ళు.

మూడో వారం చివర్లో క్లినిక్ డాక్టరు కట్టు మార్చి, పుండు మానుతోంది గానీ వేళ్ళు బిగుస్తున్నాయన్నాడు. ఒక చీటీ రాసిచ్చాడు. బీమా దవాఖానలో వేళ్ళకు వ్యాయామం చేయించే విభాగం ఉంది, రేపటి నుంచే రోజూ వెళ్ళాలి, ఇప్పుడు వదిలేస్తే తర్వాత ఎంత లాగినా వంగవు అని అక్కకు చెప్పి, అర్థమైందా అని నన్నడిగాడు. అర్థమైందన్నాను. ఆ విభాగం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకానే. అక్కడికి వెళ్ళి రావాలంటే సగం రోజు పోతుంది. సగం రోజు సెలవు పెడితే కారణం రాయాలి, కారణం రాస్తే రిజిస్టరులో గాయం లేదన్న నా మూడు వాక్యాలు ఎవరో ఒకరు తిరగేస్తారు. చీటీ మేనేజరుకు చూపించాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. పన్నెండు రోజులు ఆగమ్మా, వెయ్యి కాగానే నేనే పంపిస్తాను అన్నాడు.

పన్నెండు రోజులే కదా అని నేను అక్కతో అన్నాను. ఈలోగా మనమే చేద్దామని ఫోనులో వీడియోలు వెతికి, కొత్త స్పాంజి ఒకటి ఆమె గుప్పిట్లో పెట్టి నొక్కమన్నాను. బొటనవేలు కొద్దిగా కదిలింది. మిగతా రెండూ కదల్లేదు. నేను పట్టుకుని వంచబోతే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి, వదిలేశాను. నాకు వంచడం ఎలాగో తెలియదు. ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. అది తెలిసినవాళ్ళు బండిలో గంట దూరంలో ఉన్నారు.

ఒకరోజు అక్క సూది, దారం, పాత చీర ముక్క తెచ్చుకుంది. చూస్తా మేడం అని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య సూది ఇరికించింది. సూది పట్టుకున్న సంగతి ఆ వేలికి తెలియడం లేదు. రెండు కుట్లు వేసేలోపు సూది జారి నేల మీద పడింది. ఇద్దరం మోకాళ్ళ మీద వంగి బల్ల కింద వెతికాం. దొరికాక ఆమె దాన్ని ముక్కలో గుచ్చి సంచిలో పెట్టేసింది. ఆ రోజు నాకు భయమేసింది, నీళ్ళు తాగి వచ్చాను. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి అంకె మార్చాను. ఆమె సూది మళ్ళీ తేలేదు.

వెయ్యో రోజున కింద బోర్డు దగ్గరే చిన్న సభ పెట్టారు. కేకు తెచ్చారు. క్లయింటు తరఫున ఒకాయన వచ్చి, భద్రత అంటే కాగితాల మీద ఉండేది కాదని, మనసులో ఉండాలని చెప్పి షీల్డు ఇచ్చాడు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. అక్క మూడో వరసలో కొంగు చేతి మీద కప్పుకుని నిలబడి, ఎడమచేత్తో తొడ మీద తడుతూ చప్పట్లలో కలిసింది. నేను ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను. ఆ ఫొటో అమ్మకు పంపితే బంధువులందరికీ చూపించింది.

మర్నాడు పంపుతారనుకున్నాను. కాంట్రాక్టు తనిఖీ వచ్చే వారమే ఉందని మేనేజరు గుర్తు చేశాడు. ఆ వారం తర్వాత ఇంకో వారం. మూడు వారాల తర్వాత కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి, ఆ మర్నాడే ఆయన బండి పిలిపించి మమ్మల్ని దవాఖానకు పంపాడు. మాట తప్పే మనిషి కాదు.

ఆ తర్వాత నేను మారిపోయానని రాయాలని ఉంది. పెళ్ళయ్యాక ప్రగతి నగర్‌కు వచ్చాను. వేరే కంపెనీలో అదే పని చేస్తున్నాను. వివరాల కాగితం ఎన్ని పేజీలున్నా చదివాకే సంతకం పెడుతున్నాను, ఆ మాత్రం నిజం. ఇప్పుడున్న చోట కుర్చీ డ్యూటీ లేదు. అది నేను ఆపించింది కాదు, అక్కడ ముందు నుంచే లేదు. ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ నాకు లేదు. ఆ దవాఖానలో విన్న మాటలు మాత్రం వరస తప్పకుండా గుర్తున్నాయి.

ఆ రోజు టోకెన్ తీసుకుని రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. మా వంతు వచ్చాక లోపలికి పిలిచారు. డాక్టరు పెద్దాయన, తలెత్తకుండా అక్క చెయ్యి తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. బొటనవేలు వంచి చూశాడు. చూపుడువేలు కణుపు పట్టుకుని మెల్లగా ఒత్తాడు, ఇంకొంచెం ఒత్తాడు, ఆగిపోయాడు. మధ్యవేలూ అంతే. గుండుసూదితో కొసల మీద గుచ్చి, తెలుస్తోందా అని అడిగితే అక్క లేదని తలూపింది. బొటనవేలు కొంత వస్తుందన్నాడు. మిగతా రెండూ ఇక ఇలాగే ఉంటాయని, ఆపరేషన్ చేసినా చెంచా పట్టుకోవడానికి పనికొస్తాయేమో గానీ సన్న పని చేతకాదని చెప్పాడు. అక్క ఫాల్స్ కుట్టొచ్చా సార్ అని అడిగింది. ఆయన లేదమ్మా అన్నాడు.

అప్పుడు ఆయన క్లినిక్ చీటీ తీసి తేదీ చూశాడు.

"ఇది రాసి ఐదు వారాలు కావస్తోంది. అప్పుడే వస్తే రెండు వేళ్ళూ వంగేవి. ఇన్ని రోజులు ఏడికి పోయినవమ్మా?"

"యాడికి పోలే సార్. డ్యూటీలనే ఉన్న."

ఈ చేత్తో ఏం డ్యూటీ చేశావని ఆయన అడిగాడు. కూర్చోవడమే సార్ అని అక్క చెప్పింది. ఆయన మొదటిసారి తలెత్తి నా వైపు చూసి, మీరెవరు అన్నాడు. నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోపు అక్క అందుకుంది. నన్ను ఎక్కడ కోప్పడతాడోనని కంగారు పడినట్టుంది. ఆమె ఎడమచెయ్యి నా మోచేతి మీద పడింది.

"మా ఆఫీసు మేడం సార్. శాన మంచిది. పొద్దుగాల ఇంటికొచ్చి, బండ్ల తీస్కపోయి, జడేసి, గోలీలిచ్చి పక్కన కూసోవెట్టుకున్నది. నన్ను ఒక్క దినం గూడ నాగా కానియ్యలే."

డాక్టరు మళ్ళీ నా ముఖంలోకి చూశాడు. తర్వాత కాగితం మీదకు వంగి ఏదో రాశాడు. బయట తర్వాతి టోకెన్ పిలిచారు, నేను అక్క సంచి తీసి నా భుజానికి తగిలించుకున్నాను.